తీరిక లేనివాళ్ళ తిండి

'వీగన్' అనే మాటకి ఎనభై ఏళ్ళు దాటాయి. 1944 నవంబరులో ఇంగ్లండులో డోనల్డ్ వాట్సన్ అనే వడ్రంగం నేర్పే మేష్టారు, కొద్దిమంది మిత్రులతో కలిసి, మాంసంతో పాటు పాలు, వెన్న, గుడ్లు కూడా ముట్టనివాళ్ళ కోసం ఒక సంఘం పెట్టాడు. 'వెజిటేరియన్' అనే ఇంగ్లీషు మాటలో తలా తోకా ఉంచి నడుము తీసేస్తే వచ్చిన పేరు అది. మా మస్కట్ తెలుగు ఇళ్ళలోకి ఈ మాట ఈమధ్యనే వచ్చింది. పై చదువులకి వేరే దేశాలు వెళ్ళిన పిల్లలు సెలవులకి వస్తూ పట్టుకొచ్చారు. పెరుగన్నం వద్దంటారు, పప్పులో నెయ్యి వద్దంటారు, కాఫీలోకి బాదం పాలు కావాలంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. "ఇవన్నీ విడిగా వండడానికి తీరికేదీ?" అన్నది తల్లుల ప్రశ్న. పెరుగు లేకుండా అన్నం ఎలా దిగుతుందన్నది తండ్రుల ప్రశ్న.

తీరిక లేని చోట పొట్లాలు వచ్చి కూర్చుంటాయి. ఇక్కడి పెద్ద దుకాణాల్లో 'హెల్దీ స్నాక్' అని రాసిన అరలు ఏటికేడాది పొడుగవుతున్నాయి. ఒక పొట్లం వెనక్కి తిప్పి చూడండి: ఖర్జూరం, నువ్వులు, శనగలు, జొన్న పేలాలు, కొబ్బరి. ఈ సరుకులన్నీ అరేబియా సముద్రం మీద ఎంతో కాలంగా అటూ ఇటూ తిరుగుతున్నవే. పొయ్యి దగ్గర నిలబడే పని లేకుండా, పాడవకుండా, చేత్తో తీసుకుని తినేసేలా వీటిని తయారుచేసుకునే పద్ధతి కూడా కొత్తది కాదు. మనకన్నా ఎన్నో రెట్లు తీరిక లేనివాళ్ళు దాన్ని కనిపెట్టారు. వాళ్ళెవరో, వాళ్ళకి తీరిక ఎందుకు లేదో వంటల పుస్తకాల్లో ఉండదు. ఆ సంగతి ఇక్కడ చెప్పుకుందాం.

ఒమాన్‌కి తూర్పు కొసన, సూర్ పట్నం దాటాక, రాస్ అల్ జింజ్ అనే చోటు ఉంది. తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడటానికి మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్తుంటారు. ఆ తీరంలోనే 1980ల నుంచి ఇటలీ, ఫ్రాన్సు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వకాలు జరిపారు. రెల్లు పడవలకి పూసిన తారు ముక్కలు వందల్లో దొరికాయి. వాటితో పాటు సింధు నాగరికత కుండ పెంకులు, ఆ లిపి ఉన్న ముద్ర, దంతపు దువ్వెన కూడా దొరికాయి. అంటే దాదాపు 4500 ఏళ్ళ కిందటే ఈ రేవుకీ మన పడమటి తీరానికీ రాకపోకలున్నాయి. మెసొపొటేమియా రాతల్లో 'మగన్' అని రాసిన దేశం ఇదేనని పండితులు ఒప్పుకున్నారు. అక్కద్ రాజు సర్గోన్, తన రేవులో మెలుహ్హా, మగన్, దిల్మున్ ఓడలు కట్టి ఉన్నాయని గొప్పగా చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు తీరం.

మన తిండిలో ఇది మనది, అది పరాయిది అని గీత గీసేవాళ్ళకి ఈ సముద్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. జొన్న, సజ్జ, రాగి, బొబ్బర్లు నాలుగూ ఆఫ్రికాలో పుట్టిన పంటలు. ఇంచుమించు 4000 ఏళ్ళ కిందట, ఈ సముద్రపు తీరాల వెంబడి, మన దేశం చేరాయని వృక్షావశేషాలు పరిశీలించే శాస్త్రజ్ఞులు చెబుతారు. 'మన పూర్వీకుల చిరుధాన్యాలు' అని ఆదివారం ఉపన్యాసాల్లో వినేవి ఇవే! ఎదురు దిక్కున మన నువ్వులు పడమటికి వెళ్ళాయి. హరప్పా తవ్వకాల్లో మాడిపోయిన నువ్వుల ముద్ద దొరికింది. అక్కడి నుంచి బయల్దేరిన నువ్వులు మెసొపొటేమియాకి వంటనూనె అయ్యాయి. చాలా తరవాత, 14వ శతాబ్దంలో, ఇబ్న్ బతూతా ఒమాన్ దక్షిణాన ఉన్న ధోఫార్ వచ్చాడు. అక్కడివాళ్ళు బావుల నీటితో జొన్న జాతి ధాన్యం పండించుకుంటారని, బియ్యం మాత్రం ఇండియా నుంచి ఓడల్లో వస్తుందని రాశాడు. కొబ్బరి, అరటి, తమలపాకు తోటలు చూసి అది ఇండియాలాగే ఉందని ఆశ్చర్యపోయాడు. ఇప్పుడు సలాలా వెళ్ళినా రోడ్డు పక్కన కొబ్బరి బొండాలు, అరటి గెలలు వేలాడుతూ కోనసీమ జ్ఞాపకం వస్తుంది.

ఇక అసలు సరుకు, ఖర్జూరం.

ఒమాన్‌లో ఖర్జూరం పండుగా తినేది కొంత. ఎండలు మండే జూన్, జులై నెలల్లో 'తబ్సీల్' అని ఒక పని జరుగుతుంది. మబ్సలి అనే రకం కాయల్ని పూర్తిగా పండకముందే, పచ్చగా పసుపు రంగులో ఉండగా, గెలలతో దింపుతారు. పెద్ద రాగి కాగుల్లో నీళ్ళు మరిగించి, అందులో పావుగంట, ఇరవై నిమిషాలు ఉడికిస్తారు. తరవాత మైదానంలో పరిచి కొన్ని రోజులు ఎండబెడితే రాయిలా గట్టిపడతాయి. వీటిలో ఎక్కువ భాగం వెళ్ళేది ఇండియాకే. మన ఇళ్ళలో వ్రతాల సామాన్ల చీటీలో వక్కలు, పసుపు కొమ్ములు, ఎండు ఖర్జూరాలు అని రాసుకుంటామే, ఆ జాతి సరుకన్నమాట. తమలపాకులో పెట్టి దేవుడి ముందు ఉంచే ఆ ముడతల కాయని ఎక్కడో ఒకచోట ఎర్రటి ఎండలో ఎవరో కాగు దగ్గర నిలబడి ఉడికించారని నాకు ఇక్కడికి వచ్చేదాకా తోచలేదు.

ఈ పనిలో ఒక తెలివి ఉంది. సంవత్సరానికి సరిపడా శ్రమని ఒక నెలలో కుదించేశారు. ఆ తరవాత పదకొండు నెలలూ తినడానికి నిప్పు అక్కర్లేదు, కుండ అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. మా వృత్తిలో దీన్ని బ్యాచ్ ప్రాసెసింగ్ అంటాం. ఓడ ఎక్కేవాడు, ఒంటె తోలేవాడు గుప్పెడు మూట కట్టుకుంటే చాలు. కోటల్లో ఇంకో ఏర్పాటు చేశారు. జబ్రీన్, నిజ్వా కోటలు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, గట్లు గట్లుగా, మధ్యలో కాలువలతో ఉన్న ఒక చీకటి గది. దాన్ని 'మద్బసా' అంటారు. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చితే, పై బస్తాల బరువుకి కింది బస్తాల నుంచి పాకం దానంతటదే ఊరి కాలువల్లోకి కారుతుంది. ఆ పాకం పేరు 'దిబ్స్'. చక్కెర కలపకుండా, పొయ్యి రాజెయ్యకుండా తయారైన తీపి. అదే పాకాన్ని కాచి గుమ్మం దగ్గర శత్రువుల నెత్తిన పోసేవారని కోట చూపించేవాళ్ళు చెబుతారు. ఆరోగ్యానికి మంచిదో కాదో అది ఎవరి మీద పడిందన్న దాన్ని బట్టి!

ఇంతవరకూ వింటే ఏదో హాయిగా గడిచిన పాత కాలంలా ఉంటుంది. అలా వదిలెయ్యడం న్యాయం కాదు. ఖర్జూరం చెట్టుకి తల ఎండలో, కాళ్ళు నీళ్ళలో ఉండాలంటారు. లోపలి ఊళ్ళలో 'ఫలజ్' అనే కాలువలు ఆ నీరు ఇచ్చేవి. కొండల అడుగున ఊటల్ని పట్టుకుని సొరంగాల్లోంచి తోటలదాకా తెచ్చే ఏర్పాటు అది. ఈ కాలువల్లో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ మస్కట్‌కి వాయవ్యంగా సోహార్ మీదుగా సాగే బాతినా తీరంలో నీళ్ళు బావుల్లో ఉంటాయి. వాటిని ఎద్దులతో తోడేవారు. బావి మీద కొయ్య చట్రం, గిలక, తోలు తిత్తి, ఏటవాలు దారిలో ముందుకీ వెనక్కీ నడిచే ఎద్దు. వీళ్ళు 'జజరా' అంటారు. తెలంగాణ వాళ్ళు చూస్తే మోట అంటారు, రాయలసీమ వాళ్ళు కపిల అంటారు. రూపం ఒకటే. మన మోట తోలినవాడు చాలా చోట్ల పాలేరు. బాతినాలో, 19వ శతాబ్దం రెండో సగంలో, ఎద్దు వెనక నడిచినవాళ్ళలో ఎంతోమంది తూర్పు ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలు.

వాళ్ళని ఆ తోటలకి తెచ్చిన కారణాల్లో ఒకటి అమెరికా. ఒమాన్‌కీ అమెరికాకీ 1833లో వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1840 ఏప్రిల్ 30న 'సుల్తానా' అనే ఒమాన్ ఓడ న్యూయార్క్ రేవులో లంగరు వేసింది. కాఫీ గింజలు, తివాచీలు, ఏనుగు దంతాలు, లవంగాలతో పాటు అందులో 1300 బస్తాల ఖర్జూరం ఉంది. తరవాత సూయజ్ కాలువ వచ్చింది, ఆవిరి ఓడలు వచ్చాయి. సమాయిల్ లోయలో పండే 'ఫర్ద్' అనే ముదురు రంగు ఖర్జూరం దూర ప్రయాణానికి తట్టుకుంటుంది. అమెరికా వాళ్ళకి అది నచ్చింది. ఎండాకాలం కోసిన పంట వాళ్ళ శీతాకాలపు పండగల వేళకి న్యూయార్క్ చేరేది. అప్పట్లో మస్కట్‌లో పేరున్న ఖర్జూరం ఎగుమతిదారు రతన్‌సీ పురుషోత్తం, కచ్ నుంచి వచ్చిన భాటియా. అంటే తోట అరబ్బుది, చెమట ఆఫ్రికావాడిది, చిట్టా గుజరాతీవాడిది, పండగ అమెరికావాడిది.

చరిత్రకారుడు మాథ్యూ హాపర్ 2015లో వెలువరించిన పుస్తకంలో ఈ లెక్కలన్నీ తీశాడు. బానిసల వ్యాపారాన్ని అణచడానికి హిందూ మహాసముద్రంలో బ్రిటిషు ఓడలు కాపలా తిరుగుతున్న కాలంలోనే, ప్రపంచ మార్కెట్లో ఖర్జూరానికీ ముత్యాలకీ గిరాకీ పెరగడం వల్ల గల్ఫ్‌లో బానిసల అవసరమూ పెరిగిందని అతని వాదన. తప్పించుకుని వచ్చి మస్కట్‌లోని బ్రిటిషు కార్యాలయంలో విడుదల పత్రం అడిగినవాళ్ళ వాఙ్మూలాలు ఇప్పటికీ దస్త్రాల్లో ఉన్నాయి. ఎక్కడ ఎత్తుకొచ్చారు, ఎవరికి అమ్మారు, ఏ తోటలో పనిచేశారు అన్న వివరాలు నాలుగైదు వాక్యాల్లో ఉంటాయి. ఆ తోటల్లో పనిచేసినవాళ్ళ తిండి కూడా ఖర్జూరమే, దొరికినప్పుడు ఎండుచేప. న్యూయార్క్‌లో పిల్లలకి బలమైన చిరుతిండి, ఇక్కడ ఎద్దు వెనక నడిచేవాడికి రోజు మొత్తం తిండి. ఒమాన్‌లో బానిసత్వం చట్టపరంగా రద్దయింది 1970లో.

ఆ వ్యాపారం ముగిసిన తీరు కూడా చెప్పాలి. 1912-13 ప్రాంతాల్లో పాల్ పోపెనో అనే యువకుడు బస్రా నుంచి, అల్జీరియా నుంచి వేల ఖర్జూరం పిలకల్ని కాలిఫోర్నియా చేర్చాడు. 1927లో వాల్టర్ స్వింగిల్ అనే శాస్త్రజ్ఞుడు మొరాకో నుంచి పదకొండు మెడ్జూల్ పిలకలు తెచ్చాడు. కోచెల్లా లోయలో తోటలు కాపుకొచ్చాయి, ఒమాన్ ఫర్ద్‌కి అమెరికాలో గిరాకీ పడిపోయింది. ఇక్కడి తోటలవాళ్ళు అప్పుల్లో మునిగారు. ఈ సంచిక చదివే అమెరికా మిత్రులు కొనుక్కునే మెడ్జూల్ డబ్బా వెనక ఇంత కథ ఉంది.

పై లెక్కలో చిట్టా రాసిన గుజరాతీలు వచ్చారు కదా, వాళ్ళ వంటింటి గురించి రెండు మాటలు. శాకాహారం అన్న మాటకి ఒమాన్‌లో మొదటి ముఖాలు వాళ్ళే. 1765లో మస్కట్ చూసిన కార్‌స్టన్ నీబూర్ అనే యాత్రికుడు, ఇంతమంది బనియాలు మరే ముస్లిం నగరంలోనూ లేరని, ఇక్కడ 1200కి తక్కువ ఉండరని రాశాడు. వాళ్ళు తమ ఆచారాల ప్రకారం బతకవచ్చు, ఇళ్ళలో దేవుళ్ళని పెట్టుకోవచ్చు, చనిపోయినవాళ్ళని దహనం చేసుకోవచ్చు. 19వ శతాబ్దపు ఒమాన్ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ చెప్పిన కథ ఒకటి ఇంకా బాగుంటుంది. 1507 నుంచి మస్కట్‌ని ఏలుతున్న పోర్చుగీసువాళ్ళ దళపతి, నరోత్తం అనే బనియా కూతుర్ని పెళ్ళాడతానని పట్టుబట్టాడట. నరోత్తం సరేనని గడువు అడిగి, ఈలోగా కోటలో నిలవ ఉన్న గోధుమలు పురుగుపట్టాయి, నీళ్ళు పాడయ్యాయి, తుపాకి మందు చెడిపోయింది, అన్నీ మార్చాలి అని చెప్పి ఖాళీ చేయించాడట. చేయించి, ఇదే సమయమని ఇమామ్‌కి కబురు పెట్టాడట. 1650లో పోర్చుగీసువాళ్ళు మస్కట్ వదిలిపోయిన మాట నిజం. నరోత్తం కథలో నిజమెంతో గాని, కోట గెలవాలంటే సామాన్ల గది తాళం ఎవరి దగ్గరుందో చూడాలన్న సంగతి ఇబ్న్ రుజైక్‌కి బాగా తెలుసు.

భాటియాలు శాకాహారులే గాని వీగన్‌లు కారు. వాళ్ళ రొట్టె మీద నెయ్యి ఉంటుంది, కడుపులో మజ్జిగ ఉంటుంది. 1870లో మాండ్వి నుంచి వచ్చిన రామదాస్ ఠాకర్సీ మొదలుపెట్టిన ఖిమ్జీ రామదాస్ సంస్థ ఇక్కడి నుంచి ఖర్జూరం, ఎండు నిమ్మ, సాంబ్రాణి పంపి, అక్కడి నుంచి ధాన్యం, మసాలా దినుసులు, టీ తెప్పించేది. వ్యాపారం ఉన్న ఇంట్లో నెయ్యి ఉంటుంది. శాకాహారాన్ని ఒక పుణ్యంగా పాటించగలిగింది ఆ స్తోమత ఉన్నవాళ్ళు. పాలూ మాంసమూ రెండూ లేని కంచం ఇటు ఒమాన్‌లోనూ, అటు మన జిల్లాల్లోనూ ఎక్కువగా కనబడింది అవి కొనలేనివాళ్ళ ఇంట్లో. ఎడారిలో తిరిగే బెదూలకి ఒంటె పాలు ఉండేవి, వాళ్ళది వేరే లెక్క. తోట కూలికి అదీ లేదు.

కావాలని వదిలేసినవాళ్ళు అరబ్బుల్లో లేకపోలేదు. సిరియా కవి అబుల్ అలా అల్ మఅర్రీ (973-1057) మాంసమే కాదు, పాలు, గుడ్లు, తేనె కూడా మానేశాడు. దూడకి చెందాల్సిన పాలు, తేనెటీగ తనకోసం కూడబెట్టుకున్న తేనె మనం తీసుకోవడం అన్యాయమన్నాడు. దీని మీద ఫాతిమీ మతాచార్యుడు ఒకాయన అతనితో ఉత్తరాల్లో వాదించాడు కూడా. డోనల్డ్ వాట్సన్‌కి తొమ్మిది వందల ఏళ్ళ ముందు సంగతి ఇది. సెలవులకొచ్చిన పిల్లలకి ఈ పేరు చెబితే ఇష్టపడతారు.

ఇప్పుడు మన ఒడ్డుకి వద్దాం. తెలుగు తీరానికీ గల్ఫ్‌కీ సూటిగా రాకపోకలుండేవి. 17వ శతాబ్దంలో గోల్కొండ ఓడలు మచిలీపట్నం నుంచి హోర్ముజ్ జలసంధి అవతలి బందర్ అబ్బాస్ వెళ్ళేవి. మన బందరు, వాళ్ళ బందరు ఒకే పారశీక పదం, రేవు అని అర్థం. (బందరు హల్వా, ఒమాన్ హల్వా కూడా దగ్గర చుట్టాల్లాగే ఉంటాయి గాని, రెండూ నేతిలో మునిగి తేలేవే. ఈ వ్యాసంలో వాటికి చోటు లేదు. నాకు విచారమే.)

మన పండగల పట్టీ ఒకసారి తిరగేస్తే ఒక విచిత్రం కనబడుతుంది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు: బెల్లం, మిరియాలు, నీళ్ళు, నానిన పెసరపప్పు. పొయ్యి వెలిగించే పనే లేదు. తొలి ఏకాదశికి పేలపిండి: జొన్న పేలాలు విసిరి బెల్లంతో కలిపినది. నాగుల చవితికి చిమ్మిలి: నువ్వులు, బెల్లం కలిపి దంచినది. నవరాత్రుల్లో గుగ్గిళ్ళు. వీటిలో పాలచుక్క లేదు, నేతిబొట్టు లేదు. పరమాన్నం, పంచామృతం, బొబ్బట్ల పక్కన ఇవి పేదగా కనిపిస్తాయి, కానీ పనివాళ్ళ తిండి దేవుడి దాకా వెళ్ళిన గుర్తులు ఇవేనని నా అభిప్రాయం. తొలి ఏకాదశి ఆషాఢంలో, ఏరు సాగే రోజుల్లో వస్తుంది. ఇంట్లో ఆడామగా అందరూ పొలంలోనే ఉంటారు. పేలపిండి మూట కట్టుకుని గట్టు మీద కూర్చుని నోట్లో వేసుకుంటే ఒక పూట గడుస్తుంది. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని వెక్కిరించాడని చాటువులు చెప్పుకుంటాం. సన్నన్నానికి అలవాటుపడ్డ కవి ఆయన. ఆ జొన్నకూడు తిని నాగలి పట్టినవాడి మాట ఎవరూ పద్యంలో పెట్టలేదు.

పొడుల సంగతీ ఇదే. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, అన్నీ ఒక మధ్యాహ్నం కూర్చుని వేయించి దంచితే నెలల తరబడి వేడన్నంలోకి సిద్ధంగా ఉండేవి. నెయ్యి ఉన్నవాళ్ళు నెయ్యి వేసుకునేవారు, లేనివాళ్ళు నువ్వులనూనె. ఖర్జూరం తబ్సీల్‌లో ఉన్న కిటుకే ఇది. ఒక్క తేడా ఏమిటంటే, ఇక్కడ ఆ ముందు శ్రమ తోటలో కూలివాళ్ళది, మన దగ్గర ఇంట్లో ఆడవాళ్ళది. రోలు ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నాలు ఎవరూ లెక్కకట్టలేదు కాబట్టే 'పూర్వం వంట ఎంత సులువో' అని ఇప్పుడు అనగలుగుతున్నాం.

1967లో ఒమాన్ చమురు ఎగుమతి మొదలైంది. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాడు. అదే సంవత్సరం దాకా మత్రా బజారులో చెల్లింది రూపాయే, గల్ఫ్ కోసం భారత రిజర్వు బ్యాంకు విడిగా అచ్చువేసిన రూపాయి. రియాల్ వచ్చాక, రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టడం మొదలయ్యాక, మనవాళ్ళు వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి తాపీ పనికి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళు, తరవాత మాబోటి కంప్యూటర్ల వాళ్ళం. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం. ఆ మూడు గంటల్లో నీడ పట్టున డబ్బా విప్పుకునే మేస్త్రీలని రువీ దాటి వెళ్తూ చాలాసార్లు చూశాను. అన్నం, పప్పు, పచ్చడి. వాళ్ళకి తీరిక లేదు అంటే అర్థం ఒకటి. మీటింగు మీద మీటింగు ఉందని నేను తీరిక లేదంటే అర్థం ఇంకొకటి.

ఈ తేడా తిండి విషయంలో చాలా ముఖ్యం. ఎండు ఖర్జూరంలో బరువుకి మూడింట రెండు వంతులు చక్కెరే. రోజంతా ఎద్దు వెనక నడిచేవాడి ఒంట్లో అది సాయంత్రానికి కరిగిపోతుంది. కుర్చీలో కూర్చున్నవాడికి కరగదు. 2023లో ప్రచురించిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి మధుమేహం ఉంది. మా తరం వాళ్ళ ఇళ్ళలో ఆ లెక్కలో లేని కుటుంబం వెతకాలి. కాబట్టి ప్రకృతి సిద్ధమైన తీపి కదా అని ఖర్జూరం ముద్దలు పెట్టెలకి పెట్టెలు తినడం పూర్వీకుల తిండి తినడం కాదు, వాళ్ళ పని వదిలేసి తిండి మాత్రం తీసుకోవడం. రోజుకి రెండు, మూడు చాలు. ఇంకో సంగతి, పాలు, పెరుగు పూర్తిగా మానేసే పిల్లలు బి12 మాత్ర తప్పక వేసుకోవాలి. మొక్కల తిండిలో అది నమ్మదగినంత దొరకదు. ఆ విటమిన్‌ని విడిగా తీసింది 1948లో, అంటే వీగన్ సంఘం పుట్టిన నాలుగేళ్ళకి. మొదటి వీగన్‌లకి ఆ సంగతి తెలిసే దారి లేదు. మన పిల్లలకి తెలుసు.

ఖర్జూరం కాకపోతే మరేమిటంటే, నా ఓటు గుగ్గిళ్ళకి. ఇక్కడివాళ్ళు 'దంగో' అంటారు. శనగలు నానబెట్టి, వెల్లుల్లి, ఎండుమిరప, ఉప్పు వేసి మెత్తగా ఉడికించి, పుల్లగా, కారంగా తింటారు. రంజాన్ నెల సాయంత్రాల్లో ఉపవాసం విడిచాక ఇష్టంగా తినేది. శనగ పుట్టింది టర్కీ ఆగ్నేయ భాగంలో. ఆ మిరప వచ్చింది అమెరికా ఖండం నుంచి, పోర్చుగీసు ఓడల్లో. తూర్పుకి వెళ్ళి గుగ్గిళ్ళయింది, దక్షిణానికి వచ్చి దంగో అయింది. ఉడికిన శనగలు వంద గ్రాముల్లో తొమ్మిది గ్రాముల దాకా మాంసకృత్తులు, ఏడెనిమిది గ్రాముల పీచు ఉంటాయి. నములుతూ తినాలి కాబట్టి మీటింగులో మాట్లాడే అవకాశమూ తగ్గుతుంది.

ఒమాన్ నుంచి మనం నేర్చుకోవలసింది అందులో పులుపు. నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి నల్లబడేదాకా ఎండబెడతారు. దాని పేరు 'లూమీ'. ఇరాన్‌వాళ్ళు దాన్ని ఒమాన్ నిమ్మ అంటారు, ఇరాక్‌వాళ్ళు బస్రా నిమ్మ అంటారు, ఏ రేవు నుంచి తమకి చేరితే ఆ పేరు. నిమ్మ చెట్టు పుట్టిల్లు మాత్రం మన వైపే. వెళ్ళిన కాయ ఎండి తిరిగి వచ్చిందనుకోండి.

ఇక్కడ 2013 నుంచి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి పడుకోబోయే ముందు రెండు గ్లాసుల శనగలు నానబెట్టండి. శుక్రవారం పొద్దున నీళ్ళు వంపేసి, కొత్త నీళ్ళు పోసి, నాలుగు వెల్లుల్లి రేకలు, ఉప్పు వేసి కుక్కర్‌లో ఐదారు కూతలు రానివ్వండి. చల్లారాక ఐదు డబ్బాల్లో సర్ది, రెండు కింద, మూడు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఆ రోజుకి కావలసినది తీసి, చెంచాడు నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు తాలింపు పెడితే గుగ్గిళ్ళు. తాలింపుకి కూడా తీరిక లేకపోతే దంచిన ఎండుమిరపా, చిటికెడు లూమీ పొడీ చల్లితే దంగో. లూమీ దొరకని ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఆమ్‌చూర్ వాడుకోవచ్చు, రుచి వేరేగా ఉంటుంది. లూమీ పొడి ఇంట్లో కొట్టుకునేవాళ్ళు ముందు కాయ పగలగొట్టి గింజలు తీసెయ్యండి, చేదెక్కిపోతుంది.